వడ్డనవాళ్ళ బంతి

నాలుగో గుక్క దగ్గర జావ ఆగిపోయింది.

తాడేపల్లిగూడెం అవుటర్లో పాసింజరు బండి ఆగినట్టు, ముందుకీ పోక వెనక్కీ రాక, రొమ్మెముక వెనకాల సరిగ్గా రోజూ ఆగేచోటే ఆగింది. మంగరాజు గ్లాసు కింద పెట్టి, వెన్ను గోడకి ఆనించి, నిటారుగా కూర్చుని సిగ్నలు కోసం ఎదురుచూశాడు. తొందరపడి లాభం లేదు. మీద నించి గోరువెచ్చటి నీళ్ళు ఓ గుక్క పోస్తే ఒక్కోసారి బండి కదులుతుంది. ఒక్కోసారి రివర్సులో బయల్దేరిన స్టేషనుకే వచ్చేస్తుంది.

"దిగిందాండీ?" అంది వీరదుర్గ, పొయ్యి వైపు నించి తిరక్కుండానే. మొగుడు జావ తాగుతున్నంతసేపూ ఆవిడ తనకి తెలియకుండానే గుటకలు వేస్తుంది. ఆవిడ గుటకలన్నీ దిగుతాయి. ఏం లాభం, వాటిలో జావ ఉండదు.

"దిగుద్దిలే. అద్దె కట్టకుండా అక్కడ ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు మంగరాజు. నవ్వబోయాడు గానీ నవ్వడానికి పెదాలు సాగాలి కదా. అవి సాగడం మానేసి చాలాకాలమైంది.

మనుషులందరికీ మింగుడుపడని సంగతులు కొన్ని ఉంటాయి. మంగరాజుకి సంగతులన్నీ మింగుడుపడేవి, సంగటి ఒక్కటే పడేది కాదు. సంగటేమిటి, అన్నం, ఇడ్లీ, నానబెట్టిన రొట్టె, రోజు బాగోకపోతే సొంత ఉమ్మి కూడా. పులిహోర తిని ఎన్నాళ్ళయిందో గుర్తులేదు గానీ పులితేనుపులు మాత్రం రోజూ వచ్చేవి. హోర లేకుండా వట్టి పులే వచ్చి గొంతులో గోళ్ళు దింపినట్టుండేది.

మనిషి యాభైకి ఈ గట్టునే ఉన్నాడు. ముఖం చూస్తే మాత్రం వయసు చెప్పలేం. ఎవరో చర్మాన్ని చెవుల వెనక్కి లాగి ముడేసినట్టు ముడతలన్నీ మాయమై, ముక్కు సూదిగా తేలి, పెదాలు పల్చబడి, నోరు చిన్నదైపోయింది. ఒకప్పుడు పూర్ణం బూరె చంద్రుణ్ణి మింగిన రాహువులా మింగిన నోరు. ఇప్పుడు చెంచా అడ్డంగా పట్టదు, నిలువుగా దూర్చాలి. వేళ్ళు సగానికి వంగి అక్కడే బిగిసిపోయాయి. చల్లటి నీళ్ళు తగిలితే చాలు, ముందు సున్నంలా తెల్లబడి, తర్వాత వంకాయలా నీలబడి, చివరికి మిరపపండులా ఎర్రబడేవి. ఏ దేశం జెండాయో తెలియదు, రోజుకి నాలుగుసార్లు ఎగిరేది.

ఏలూరు డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. స్క్లెరోడెర్మా. ఆ పేరు పలకాలంటేనే పెద్ద నోరు కావాలి, ఈయనకున్నదా పిడికెడు నోరు. అందుకని ఇంట్లో దాన్ని "అదే" అనేవారు. డాక్టరమ్మ మంచిది, విడమరచి చెప్పింది. అన్నం దిగే గొట్టం రబ్బరులా పిండుతూ కిందికి దింపాలట. ఈయనది పీవీసీ పైపులా బిర్రబిగిసిపోయింది. పొట్టకి మీదుండే మూత సరిగ్గా పడటం లేదు, అందుకే లోపలిది పైకి తన్నుకొస్తోంది. కింద పేగులు కూడా సమ్మె కట్టాయి.

"పల్చగా, కొంచెం కొంచెంగా తాగండి. తిన్నాక పడుకోవద్దు. రాత్రిళ్ళు తల ఎత్తులో ఉండాలి. కడుపు నిండా ఉండగా వాలిపోయారంటే లోపలిదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది చాలా ప్రమాదం" అంది.

"ఇది అంటుకునే జబ్బాండీ?" అన్నాడు మంగరాజు. అతను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

"ఛ, కాదు. ఎవరికీ అంటదు."

"ఆ ముక్క మా గూడెం వచ్చి మైకులో చెబుదురుగాని, రండి."

డాక్టరమ్మ నవ్వింది. మంగరాజు నవ్వులాటకి అనలేదు.

ఎందుకంటే అతను చేసేది వడ్డన. పెళ్ళికీ పేరంటానికీ, పుట్టుకకీ దినానికీ బకెట్టు పట్టుకుని బంతి వెంట నడవడం. కుర్రతనంలో ఊళ్ళో కుర్రాళ్ళంతా ఒక బంతితో క్రికెట్ ఆడుకుంటుంటే, మంగరాజు ఇంకో బంతిలో సాంబారు పోసుకుంటూ పెరిగాడు. అందులో అతనికో ఒడుపుండేది. ఎవరికి కూర కావాలో, ఎవరు ముక్క కోసం చూస్తున్నారో, ఎవరు మొహమాటంతో ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారో నడుస్తూనే కనిపెట్టేసేవాడు. మన వైపు సంగతి తెలిసిందే. వద్దన్నవాడికి వెయ్యకపోతే అది వడ్డనే కాదు. "మీరలా అంటారని తెలుసండీ, ఒక్క గరిటె, నాకోసమండీ" అని కొసరి కొసరి వేసేవాడు. అసలు కంటే కొసరుకే పేరొచ్చింది. మంగరాజు వడ్డిస్తే జ్వరమొచ్చినవాడు కూడా రెండోసారి పెరుగన్నం కలుపుతాడనేవారు.

తర్వాత బఫేలొచ్చాయి. ప్లేటు పట్టుకుని నిలబడి తినేవాణ్ణి కొసరేదేముంది, వాడి వెనకాల క్యూ ఉంటుంది. గూడెంలో, భీమవరంలో, ఏలూరులో బంతులు పోయాయి. ఇక మిగిలింది కొల్లేటి లంకలు. అక్కడివాళ్ళు ఎంత పెద్ద షామియానా వేసినా మనిషిని కూర్చోబెట్టి ఆకులో వడ్డిస్తేనే భోజనం పెట్టినట్టు లెక్క. మంగరాజు బతుకు ఆ నీళ్ళ మధ్య నాలుగు లంకల మీద నిలబడింది.

అందులోనూ ఒకసారి జారిపోబోయింది. ఓ పెళ్ళిలో ఒకాయన మంగరాజు వేళ్ళు చూసి "ఏవిటయ్యా ఆ చేతులు?" అని గబుక్కున ఆకు వెనక్కి లాక్కున్నాడు. ఆ పక్కాయనా లాక్కున్నాడు. బంతి పొడుగునా ఆకులు వెనక్కి జరిగాయి. ఆవేళ మంగరాజు వెళ్ళి వంట గుండిగల వెనక దాక్కున్నాడు. ఆ తర్వాత ప్లాస్టిక్ చేతితొడుగులు వేసుకోవడం మొదలుపెట్టాడు. కరోనా వచ్చి లోకాన్నంతా చంపుకుతిన్నా, తొడుక్కోవడాన్ని మాత్రం మర్యాద చేసి పోయింది. తొడుగుల్లో వేళ్ళ రంగు ఎవరికీ కనపడదు.

వేళ్ళని దాచాడు. తినకపోవడాన్ని ఎలా దాచాలో తెలియలేదు.

మినీ వ్యాను వచ్చి సందు చివర హారను కొట్టింది. "కిందటిసారిలా మధ్యాహ్నం వట్టి కడుపుతో ఉండకండి. ఫ్లాస్కులో పోశాను, కాస్త కాస్త తాగండి" అంది వీరదుర్గ చొక్కా గుండీలు పెడుతూ. గుండీలు పెట్టుకోవడం అతని వేళ్ళు ఎప్పుడో మర్చిపోయాయి. అతను సరేనని తలూపి, నాలుగో గుక్క ఇంకా గుండెల్లో ఉండగానే వెళ్ళి వ్యాను ముందు సీట్లో అబ్బాయిరాజు పక్కన కూర్చున్నాడు.

అబ్బాయిరాజు కేటరింగు కంట్రాక్టరు. మంగరాజు, అబ్బాయిరాజు, పేర్లలో ఇద్దరూ రాజులే గానీ రాజ్యం మాత్రం ఒక్కరిదే. గుండిగలన్నీ ఆయనవి, బకెట్టు ఒక్కటే ఈయనది. మనిషి చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. గణపవరం దాటేదాకా పితికేసిన నిమ్మకాయలా ముఖం పెట్టుకుని కూర్చుని, అప్పుడు నోరు విప్పాడు.

"మంగరాజూ, ఇవాళ నువ్వు అన్నం తినాలి."

"తింటానండి. ఇంటికెళ్ళాక..."

"ఇంటికి కాదు, అక్కడే. తాయారమ్మగారి ఎదురుగా. కిందటేడు వాళ్ళ మనవరాలి ఫంక్షన్లో నువ్వు తినకుండా వ్యానెక్కేశావు. ఆవిడ ఆకేసి కూర్చుందంట, నీకోసం. నువ్వు రాలేదు. 'మెరక ఊళ్ళోళ్ళకి మా చేతి కూడు నీచు కంపొచ్చిందా' అందంట. ఆ మాట లంకంతా తిరిగింది. ఇవాళ మనవడి పంచెల ఫంక్షను మనకిచ్చింది ఎందుకో తెలుసా? నిన్ను కూర్చోబెట్టి తినిపించడానికి."

"నాకు కడుపులో బాగోదండి రాజుగారూ."

"ఎప్పుడూ అదే మాట. రెండేళ్ళ నించీ బాగోని కడుపు ఏం కడుపయ్యా? బాగోనోడివి బకెట్టెలా మోస్తున్నావు?" అబ్బాయిరాజు కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు తగ్గించాడు. "ఆవిడ కాదంటే ఆ చుట్టుపక్కల లంకలేవీ మనల్ని పిలవవు. మా ఇంట్లో పొయ్యి కూడా వాటి మీదే వెలుగుతోంది. ఆవిడ ముందు నాలుగు ముద్దలు తిను. తినలేనంటావా, రేపట్నించి రాకు. నేనీ మాట అనకూడదు. అనిపించుకుంటున్నావు."

చెబితే ఏమవుతుందో మంగరాజుకి తెలుసు. జబ్బుందంటే "అంటుతుందా" అంటారు, అంటదంటే "అంటదని నువ్వంటే సరా" అంటారు. ఇన్నాళ్ళూ తొడుగుల్లోంచి తిన్న ప్రతి మెతుకూ లంక జనానికి ఒక్కసారి గుర్తొస్తుంది. అప్పుడు ఇతని బకెట్టొక్కటే కాదు, రాజుగారి గుండిగలు కూడా కొల్లేట్లో కలుస్తాయి. చెబితే పని పోతుంది. తినకపోతే పని పోతుంది. తింటే ఏం పోతుందో డాక్టరమ్మ చెప్పే ఉంది.

ఆకివీడు దాటి, ఆలపాడు దగ్గర తిరిగి, వ్యాను చెరువుల మధ్యకి దిగింది. రెండువైపులా రొయ్యల చెరువుల్లో గాలికొట్టే ఏరేటర్ల చక్రాలు నీళ్ళ చెంపలు వాయిస్తున్నాయి. కాలవ మీద గుర్రపుడెక్క కదలకుండా పరుచుకుంది. కొల్లేటికోట ఇంకా కనిపించకముందే ఓ లంక పక్కన షామియానా రంగులు, బ్యానరు మీద పంచె కట్టిన పిల్లాడి నిలువెత్తు ఫోటో కనిపించాయి. వ్యాను ఆగీ ఆగకముందే తాయారమ్మ కొడుకు కొండబాబు ఎదురొచ్చి, "రండి మంగరాజుగారూ, మా అమ్మ పొద్దుట్నించీ మీరొచ్చారా అని అడుగుతానే ఉందండి" అన్నాడు. మంగరాజు ఆ గౌరవానికి తలవంచి, ముందుగా తొడుగులు వేసుకున్నాడు.

వడ్డన మాత్రం బాగా జరిగింది. ఆ సంగతి చెప్పుకోవాలి. కొర్రమేను పులుసు, రొయ్యల ఇగురు, గోంగూర మాంసం, బూరెలు, పెరుగు చట్నీ. మంగరాజు బకెట్టు మోచేతికి తగిలించుకుని, వంగిన వేళ్ళ మధ్య గరిటె ఇరికించుకుని బంతి మొదట్నించి చివరిదాకా పడవలా సాగిపోయాడు. "అలాగంటే ఎలాగండీ, మేనల్లుడి పంచెలండీ, ఇంకో ముక్క." "బూరె ఒక్కటేనాండీ? జోడు లేకపోతే దానికి దిగులండీ." పొట్ట మీద చెయ్యేసుకుని వెనక్కి వాలిన ఓ పెద్దాయన, "చంపేత్తన్నావయ్యా బాబూ!" అని నవ్వుతూనే ఆకు ముందుకి జరిపాడు. లోపల ఖాళీ కడుపు గాలి బుడగలా ఉబ్బి బెల్టు మీద పడుతోంది. పులుసు ఆవిరి ముక్కుకి తగిలినప్పుడల్లా నోట్లో నీళ్ళూరాయి. అవి మింగడమే ఓ పని.

బంతికీ బంతికీ మధ్య గుండిగల చాటున నిలబడి ఫ్లాస్కు మూతలో జావ పోసుకున్నాడు. అంట్లు తోముతున్న మార్తమ్మ తలెత్తి చూసింది. వడ్డన జట్టు మొత్తంలో సంగతి తెలిసింది ఆవిడొక్కదానికే. ఓసారి గోడ వెనక ఇతను కక్కుకుంటుంటే చూసి, నీళ్ళిచ్చి, ఎవరికీ చెప్పలేదు.

"తమ్ముడూ, రాజుగారు నాతోనూ అన్నాడు. ఎలాగ మరి?"

"ఎలాగో దిగాలి అక్కా."

"గుటక పడకపోతే గుటుక్కుమంటావు. నేను చెప్పేదా ఆవిడతో?"

"వద్దక్కా, నీకు పుణ్యముంటుంది. చెప్పకు."

"పుణ్యం మాట ప్రభువు చూసుకుంటాడు. నీ మాట ఎవరు చూస్తారు?" అని మార్తమ్మ గిన్నెని కసిదీరా తోమింది.

ఆఖరి బంతి లేచింది. ఆకులు తీశారు, బల్లలు తుడిచారు. ఇక వడ్డనవాళ్ళ బంతి. ఆ లంకలో అదో ఆచారం. పొద్దుట్నించీ పెట్టినవాళ్ళకి ఇంటివాళ్ళే స్వయంగా పెడతారు. బకెట్టు పట్టినవాడు కూర్చుంటాడు, ఫంక్షను చేసినవాడు బకెట్టు పడతాడు. జట్టులో మిగతావాళ్ళు చేతులు కడుక్కుని గబగబా కూర్చున్నారు. మంగరాజు చివర్న, తప్పించుకోవడానికి వీలుగా ఉన్న చోట కూర్చున్నాడు. అదేం పనికిరాలేదు. తాయారమ్మ కుర్చీ తెప్పించుకుని సరిగ్గా అతని ఆకు ముందే కూర్చుంది.

ఎండిన చేపంత సన్నటి మనిషి. మెళ్ళో కాసుల పేరు, అరచేతులు వల తాళ్ళకి కాయలు కాసి ఉన్నాయి.

"తీసెయ్ నాయనా ఆ తొడుగు. అన్నం చేత్తో తినాలి."

మంగరాజు తీశాడు. వేళ్ళు అప్పటికి నీలంలో ఉన్నాయి. ఆవిడ చూసింది.

"నీళ్ళల్లో నానీ నానీ మా ఆయనకీ ఇలాగే అయ్యేవి" అంది తాయారమ్మ. అంతే. ఆవిడకి ఆ చేతులు కనపడ్డాయి, జబ్బు కనపడలేదు. "నా చిన్నప్పుడు మేము చేపల గంపతో మెరకకి వస్తే, అరుగు కింద నిలబెట్టి, ఎత్తునించి దోసిట్లో నీళ్ళు పోసేవారు. తిరిగి మా గుమ్మంలోకి వచ్చినోళ్ళు మా కుండలో నీళ్ళు ముట్టేవారు కాదు. ఇప్పుడు కాలం మారింది. అందరూ తింటన్నారు, అడిగి మరీ కట్టించుకెళ్తన్నారు. నువ్వొక్కడివే తినవు. ఎందుకు నాయనా?"

చెప్పడానికి అదొక్కటే అదను. మాట గొంతు దాకా వచ్చింది. ఆకుల వెనక కొండబాబు పిల్లలు బూరెలు నములుతూ నిలబడి ఉన్నారు, అతను వేసిన బూరెలే. బల్ల అవతల అబ్బాయిరాజు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వచ్చిన మాట నాలుగో గుక్క ఆగినచోటే ఆగింది.

"అతనికి ఒంట్లో బాలేదండి అమ్మగారూ" అంది మార్తమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి.

"బాగోనోడు ఇన్ని బంతులు తిరిగాడా?" అంది తాయారమ్మ నెమ్మదిగా. కోపం లేదు. ఉంటే బాగుండేది. "పోనీలే. తినకపోతే నేనేం బలవంతం చెయ్యను."

చెయ్యననడమే అన్నిటికంటే పెద్ద బలవంతం. మన వైపు పుట్టినవాడెవడూ ఆ మాట విని లేచి వెళ్ళిపోలేడు.

"పెట్టండమ్మా" అన్నాడు మంగరాజు.

ఆవిడ ముఖం విప్పారింది. కొడుకు చేతిలోంచి గరిటె లాక్కుని తనే వడ్డించింది. ఉడుకన్నం, దాని మీద కొర్రమేను పులుసు. ముక్కని తన వేళ్ళతోనే విడదీసి ముళ్ళు ఏరింది. మెత్తగా పిసికి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు ముద్దలు చేసి ఆకు అంచున పెట్టింది.

మొదటి ముద్దని నోటి సందులోంచి లోపలికి తోసుకున్నాడు.

అతను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. గొంతు బిగిసిపోయింది, పేగులు పడుకున్నాయి, చర్మం తోలైపోయింది. నాలుక మాత్రం అలాగే ఉంది. చింతపండు పులుపు, ఆవపిండి ఘాటు, కొల్లేటి చేప తీపి, రెండేళ్ళ తర్వాత ఒక్కసారిగా వచ్చి దాని మీద కూర్చున్నాయి. మంగరాజు కళ్ళు చెమర్చాయి. జీవితమంతా ఇదేనా నేను జనానికి పోసింది, అనుకున్నాడు. ఇంత బాగుంటుందా! మింగాడు, నీళ్ళు తాగాడు. ముద్ద గుండెల్లోకి దిగి నిలబడింది. రెండోది దాని మీద, మూడోది దాని మీద. ఇరుకు సందులో వరుసగా లారీలు వచ్చి ఆగినట్టు.

నాలుగోది అయింది. పందెం నెగ్గాడు. ఇక లేవచ్చు.

"ఇంకొక్కటి వెయ్యమంటావా నాయనా?" అంది తాయారమ్మ.

మార్తమ్మ వెనక నించి కళ్ళతోనే వద్దంది. అబ్బాయిరాజు కూడా "చాల్లెండి అమ్మగారూ" అన్నాడు, మర్యాదకి. మంగరాజు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. తలూపాడు. ఆవిడకోసం కాదు, పని కోసమూ కాదు. ఆకలేసింది. అంతే. రెండేళ్ళ ఆకలి.

వాళ్ళు పెట్టారు, అతను తిన్నాడు. లేచేసరికి ఛాతీ మీద రోలు పెట్టినట్టుంది. తాయారమ్మ అతని భుజం మీద చెయ్యేసి, "మా ఇంటి మనిషివి" అంది. పళ్ళెంలోంచి కిళ్ళీ తీసిచ్చింది. అంత కిళ్ళీ ఆ నోట్లో పట్టదు. "దారిలో వేసుకుంటానమ్మా" అని మంగరాజు జేబులో పెట్టుకున్నాడు.

"గట్టు వెనక్కెళ్ళి కక్కెయ్ తమ్ముడూ, నేను అడ్డం నిలబడతాను" అంది మార్తమ్మ చెవిలో.

గట్టు పొడుగునా జనం చేతులు కడుక్కుంటున్నారు, పిల్లలు పరుగెడుతున్నారు. ఆవిడ ముళ్ళు ఏరి పెట్టిన ముద్దని ఆవిడ గుమ్మం ముందే కక్కడమా? మంగరాజు తల అడ్డంగా ఊపాడు.

జట్టువాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళిపోయారు. వ్యాను వెనక గుండిగల మధ్య మంగరాజు, అతన్ని భుజంతో నిలబెడుతూ మార్తమ్మ. గతుకు గతుక్కీ పులుసు గొంతు దాకా వచ్చి పోతోంది. ఆకివీడులో ఆవిడ ఇల్లు. దిగుతూ, "కూర్చునే ఉండు. ఏమైనా సరే వాలిపోకు. విన్నావా?" అంది. అతను కళ్ళు మూసి తెరిచాడు. విన్నాడు.

ఊరి చివర టీ బడ్డీ దగ్గర అబ్బాయిరాజు వ్యాను ఆపించాడు. టీ తాగి వెనక్కి వచ్చి చూస్తే మంగరాజు రెండు గుండిగల మధ్య నక్కి కూర్చుని ఉన్నాడు. తల ముందుకి తూలుతోంది. పొద్దున అన్న మాటలు గుర్తొచ్చి కంట్రాక్టరుకి మనసు ఎలాగో అయింది.

"ఏరా, నాలుగు ముద్దలంటే ఏడు తిన్నావు! ఆవిడ వచ్చే మాఘమాసంలో రెండు పెళ్ళిళ్ళు మనకే ఇస్తానంది, తెలుసా? నా పరువు నిలబెట్టావు." ఎప్పుడూ "మంగరాజూ" అనేవాడు ఆవేళ "ఏరా" అన్నాడు. గుండిగలు పక్కకి జరిపి, షామియానా గుడ్డ మడతలు పెట్టి పరిచాడు. "పడుకో. విందు భోజనం చేసినోడు కూర్చుని కునికితే ఎలా? పడుకోరా, నేను చెబుతున్నా కదా."

మంగరాజు అతని ముఖం చూశాడు. రెండేళ్ళలో ఆ ముఖం తనని చూసి నవ్వడం ఇదే. పడుకోకూడదండి అనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే ఇవాళ మింగినదంతా దండగ. గణపవరం దాకా, అనుకున్నాడు. బండి కదిలాక లేచి కూర్చుంటాను.

అబ్బాయిరాజు తనే అతని భుజాలు పట్టుకుని, పసివాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు.

బండి కదిలింది. గతుకుల రోడ్డు. మూతలు గుండిగలతో, గుండిగలు గరిటెలతో కొట్టుకుంటూ గణపవరం దాకా ఒకటే గోల. ఓచోట వెనక నించి ఇంకేదో చప్పుడు వచ్చినట్టయి డ్రైవరు బ్రేకు మీద కాలేశాడు.

"పోనియ్" అన్నాడు అబ్బాయిరాజు. "మూతలే. లేపకు, పాపం కడుపునిండా తిన్నాడు."

తాడేపల్లిగూడెంలో దీపాలు పెట్టే వేళకి వ్యాను సందు చివర ఆగింది. హారను విని వీరదుర్గ గోరువెచ్చటి నీళ్ళు గ్లాసులో పోసుకుని వచ్చింది. అబ్బాయిరాజు వ్యాను వెనక తలుపు పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి చూడలేక ఆవిడ కాళ్ళవంక చూస్తూ.

"ఏం తెలీలేదమ్మా. చక్కగా తిని, ఇష్టంగా అడిగి పెట్టించుకుని మరీ తిని, హాయిగా పడుకున్నాడు. నేనే పడుకోబెట్టాను."

వీరదుర్గ వ్యానెక్కి, షామియానా గుడ్డ మీద కూర్చుని, అతని తల తన ఒళ్ళోకి, ఎత్తులోకి తీసుకుంది. చెంప మీద అంటిన మెతుకులు చీర చెంగుతో తుడిచింది.

"తిన్నారా?" అంది. "ఏం తిన్నారండీ?"

"అన్నం, కొర్రమేను పులుసమ్మా."

ఆవిడ గుటక వేసింది. ఈసారి ఆవిడకీ దిగలేదు.

ఊపిరాడక అతను గింజుకున్నప్పుడు చొక్కా గుండీలు తెగిపోయాయి. జేబు మాత్రం చిరగలేదు. అందులో తాయారమ్మ ఇచ్చిన కిళ్ళీ, గుచ్చిన లవంగం గుచ్చినట్టే ఉండి, ఇంకా పచ్చగా, తడిగా ఉంది.